23వ అంతస్తు ఫ్లాట్ నచ్చింది, అడ్వాన్స్ కట్టేయొచ్చా?

మీరు రాసిన వివరాలను ముందు ఒకచోట పెడతాను, ఇలాంటి పరిస్థితిలో ఉన్న మరొకరికీ పనికొస్తుంది. నగరం నడిబొడ్డున 27 అంతస్తుల భవనం. 23వ అంతస్తులో రెండు పడక గదుల ఫ్లాట్‌ను ఆదివారం మధ్యాహ్నం ఓ 20 నిమిషాలు చూసి వచ్చారు. గాలి, వెలుతురు, కిటికీలోంచి ఊరంతా కనిపించడం, అన్నీ నచ్చాయి. అదే భవనంలో 6వ అంతస్తులో అలాంటిదే ఇంకో ఫ్లాట్ కాస్త తక్కువ అద్దెకు ఖాళీగా ఉంది, దాన్ని మాత్రం పైపైన చూశారు. ఇంట్లో మీరిద్దరూ, నాలుగేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు. ఎల్లుండిలోగా అడ్వాన్స్ కట్టకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామని ఏజెంట్ టెన్షన్ పెడుతున్నారు.

నేను ఎత్తైన నివాస భవనాల్లో లిఫ్టులు, పంపులు, అగ్నిమాపక ఏర్పాట్లు చూసుకునే మెయింటెనెన్స్ పనిలో 17 ఏళ్లుగా ఉన్నాను. మూడు టవర్లలో అద్దెకూ ఉన్నాను. మీ ప్రశ్న చదవగానే నాకు అనిపించింది ఒకటే. మీరు ఫ్లాట్ చూశారు గానీ భవనాన్ని చూడలేదు. నేల మీది ఇంట్లో గోడలు, కప్పు, కుళాయిలు బాగుంటే ఇల్లు బాగున్నట్టే. 23వ అంతస్తులో ఆ లెక్క సరిపోదు. అక్కడ మీ రోజంతా రెండు మూడు లిఫ్టుల మీద, కొన్ని పంపుల మీద, ఒకటో రెండో మెట్లదారుల మీద, వాటిని చూసుకునే మనుషుల మీద ఆధారపడి నడుస్తుంది. వాటిలో ఏదీ మీ చేతిలో ఉండదు. చాలాసార్లు మీ ఓనర్ చేతిలో కూడా ఉండదు.

లిఫ్టులతోనే మొదలుపెడతాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది అక్కడే. మేము మొదటిసారి టవర్లో దిగింది 19వ అంతస్తులో. భవనానికి రెండే లిఫ్టులు. దిగిన నాలుగో నెలలో ఒక లిఫ్ట్ ఆగిపోయింది. విడిభాగం రావాలన్నారు, ఏడు వారాలు పట్టింది. మిగిలిన ఒక్క లిఫ్ట్ మీద భారమంతా పడి అదీ మధ్యమధ్యలో మొరాయించేది. అప్పుడు నా భార్యకు ఎనిమిదో నెల. పరీక్షలకు వెళ్లి వచ్చిన ఒక రోజు ఆమె మెట్ల మీద కూర్చుంటూ, లేస్తూ, 19 అంతస్తులు ఎక్కింది. ఆ రోజు నేను పక్కనే ఉండి కూడా చేయగలిగింది ఏమీ లేదు. లిఫ్టుల పని తెలిసినవాణ్ని అయ్యుండి, ఫ్లాట్ చూడటానికి వెళ్లినప్పుడు లిఫ్టులు ఎన్ని అని లెక్కపెట్టలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీరు చూడాల్సింది ఇది. మొత్తం ఎన్ని ఫ్లాట్లు, ఎన్ని లిఫ్టులు? వాటిలో ఒకటి నెలరోజులు ఆగిందనుకుంటే మిగిలినవి సరిపోతాయా? వేగం కూడా అడగండి. అంతస్తుకు సుమారు 3 మీటర్లు వేసుకుంటే 23వ అంతస్తు నేలకు దాదాపు 70 మీటర్ల ఎత్తున ఉంటుంది. సెకనుకు మీటరు వేగంతో వెళ్లే లిఫ్టుకు మధ్యలో ఎక్కడా ఆగకపోయినా నిమిషం పైనే పడుతుంది. సెకనుకు రెండున్నర మీటర్లు వెళ్లేదైతే అర నిమిషంలో చేరుస్తుంది. దారిలో ఒక్కోసారి ఆగి తలుపు తెరిచి మూసుకోవడానికి ఇంచుమించు పది సెకన్లు కలుపుకోండి. ఉదయం అందరూ బయలుదేరే వేళ పై అంతస్తు నుంచి దిగే లిఫ్ట్ అయిదారుచోట్ల ఆగడం మామూలే. నిండిపోయిన లిఫ్ట్ 6వ అంతస్తు దగ్గర ఆగినా ఎక్కడానికి చోటుండదు. అంటే ఎత్తున ఉన్నవాళ్లకు ప్రయాణం ఎక్కువ, కింద ఉన్నవాళ్లకు ఎదురుచూపు ఎక్కువ. కాకపోతే 6వ అంతస్తు వాళ్లకు మెట్లు దిగే దారి ఉంది.

ఇంకో రెండు విషయాలు. కరెంటు పోతే ఏ లిఫ్ట్ జనరేటర్ మీద నడుస్తుంది, అన్నీనా, ఒక్కటేనా? స్ట్రెచర్ పట్టే లిఫ్ట్ కనీసం ఒకటైనా ఉందా? మీ అమ్మగారి వయసు దృష్ట్యా రెండోది తప్పకుండా చూడండి. చిన్న లిఫ్టుల్లో స్ట్రెచర్ పట్టదు, అలాంటి చోట మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి దింపడం నేను చూశాను. ఏజెంట్ మాటతో సరిపెట్టుకోకుండా స్వయంగా లిఫ్టులోకి వెళ్లి అడుగులతో కొలవండి.

ఒక పాత సంగతి గుర్తొస్తోంది. పురాతన రోమ్ నగరంలో ఇన్సులా అనే అద్దె మేడలు ఉండేవి. వాటిలో పైకి వెళ్లేకొద్దీ అద్దె తగ్గేది, పేదవాళ్లు అందరికన్నా పైన ఉండేవారు. మెట్లెక్కాలి, నీళ్లు మోయాలి, నిప్పంటుకుంటే చివరగా దిగేది వాళ్లే. 1854లో ఎలీషా ఓటిస్ న్యూయార్క్‌లో తాను నిలబడి ఉన్న లిఫ్ట్ తాడును జనం ముందే కోయించి, బ్రేకు పట్టుకుని అది పడిపోకుండా ఆగడం చూపించాడు. లిఫ్టులు వాడుకలోకి వచ్చిన తర్వాతే ఎత్తు ఖరీదైంది. మీ 23వ అంతస్తుకు అద్దె ఎక్కువ అడగడానికి మూలం ఆ యంత్రమే. అది నడవని రోజున మీరు మళ్లీ ఆ రోమ్ మేడ పై అంతస్తులోనే ఉన్నట్టు.

ఇక నీళ్లు. పది మీటర్ల ఎత్తు నీటి స్తంభం అడుగున సుమారు ఒక బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఒత్తిడి ఇస్తుంది. 80 మీటర్ల భవనంలో పైనున్న ట్యాంకు నుంచి ఒకే పైపు కిందికి వేస్తే కింది ఫ్లాట్లలో దాదాపు 8 బార్ వస్తుంది, ఇంటి కుళాయిలకు, గొట్టాలకు అది ఎక్కువ. అందుకే భవనాన్ని కొన్ని మండలాలుగా విడగొట్టి మధ్యలో ట్యాంకులో, ఒత్తిడి తగ్గించే వాల్వులో పెడతారు. ట్యాంకుకు దగ్గరగా ఉన్న పై అంతస్తుల కథ దీనికి తిరగబడుతుంది. నీటి మట్టానికీ షవర్‌కూ మధ్య ఎత్తు తక్కువ కాబట్టి ఒత్తిడి పెంచే బూస్టర్ పంపు విడిగా లేకపోతే నీళ్లు నీరసంగా వస్తాయి. 27లో 23వది అంటే మీరు ఆ సరిహద్దుకు దగ్గరలోనే ఉన్నారు. ఉదయం ఏడూ ఎనిమిది మధ్య వెళ్లి షవర్, వంటగది కుళాయి ఒకేసారి తెరిచి, ఫ్లష్ కూడా చేసి చూడండి. ఆదివారం మధ్యాహ్నం ఏ కుళాయి అయినా బాగానే వస్తుంది.

6వ అంతస్తులో ఒత్తిడి కన్నా మురుగు పైపును చూసుకోవాలి. పై అంతస్తుల నీళ్లన్నీ ఒకే నిలువు పైపులో దిగుతాయి. ఆ పైపు అడుగు భాగంలో, అది పక్కకు మలుపు తిరిగేచోట, సబ్బు నురగ పేరుకుని కింది ఫ్లాట్ల బాత్రూముల్లోకి ఎగదన్నే సమస్య ఎత్తైన భవనాల్లో ఉంటుంది. అది సాధారణంగా కిందున్న ఒకటి రెండు ఫ్లాట్లకే వస్తుంది. కానీ మీ 6వ అంతస్తు కింద అయిదు అంతస్తులు పార్కింగ్ అయితే మీరే మొదటి ఫ్లాట్ అవుతారు, అది కనుక్కోండి. బాత్రూములో వాసన వస్తే వెంటనే భయపడొద్దు. ఫ్లాట్ చాలాకాలం ఖాళీగా ఉంటే జాలీ కింద నిలవాల్సిన నీళ్లు ఎండిపోయి వాసన పైకి వస్తుంది. ఒక మగ్గు నీళ్లు పోసి, అరగంట ఆగి చూడండి. అప్పటికీ పోకపోతే ఆలోచించాలి.

అన్నిటికన్నా నిదానంగా చదవమని మిమ్మల్ని కోరేది నిప్పు గురించి. లండన్‌లో 2017 జూన్ 14 తెల్లవారుజామున గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయింది. అది 24 అంతస్తుల నివాస భవనం. 4వ అంతస్తులోని ఒక వంటగదిలో ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట, భవనానికి బయట తొడిగిన పలకల మీదుగా పైకి పాకింది. 72 మంది చనిపోయారు. దిగడానికి ఉన్నది ఒకే ఒక్క మెట్లదారి. ఒక ఫ్లాట్ మంట ఆ ఫ్లాట్‌లోనే ఆగుతుందన్న నమ్మకంతో మిగతావాళ్లను లోపలే ఉండమని చెప్పారు. భవనం ఆ నమ్మకాన్ని నిలబెట్టలేదు. ఈ పనిలో ఉన్న మేమెవరం ఆ రాత్రిని మర్చిపోలేం.

ఆ సంగతి చెప్పి మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. సరిగ్గా కట్టి, సరిగ్గా చూసుకునే టవర్ సురక్షితమైనదే. కానీ సరిగ్గా చూసుకుంటున్నారా లేదా అన్నది అద్దెకు వచ్చేవాళ్లు కూడా గంటలో తెలుసుకోవచ్చు. 23వ అంతస్తు నుంచి కిందికి మెట్లు దిగండి. లిఫ్ట్ ఎక్కకండి, నడిచే దిగండి. మెట్లదారులు రెండున్నాయా? ప్రతి అంతస్తులో మెట్ల తలుపు దానంతట అది మూసుకుంటోందా, లేక ఎవరైనా ఇటుకో పూలకుండీయో అడ్డం పెట్టారా? చాలా టవర్లలో మెట్లదారిలోకి ఫ్యాన్లతో గాలిని తోసి, పొగ రాకుండా ఒత్తిడి నిలుపుతారు. తలుపులు బార్లా తెరిచి ఉంటే ఆ ఏర్పాటు పనిచేయదు. మంటకన్నా ముందు ప్రాణం తీసేది పొగే. మెట్ల మలుపుల్లో సైకిళ్లు, పాత పరుపులు, చెప్పుల స్టాండ్లు పెట్టారా? కింద బయటికి వెళ్లే తలుపుకు తాళం ఉందా? ఆ తాళం కనిపిస్తే నేనైతే అద్దె మాటే ఎత్తను, వెనక్కి వచ్చేస్తాను.

దిగడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకోండి. అంతస్తుకు 15 సెకన్లు అనుకుంటే మీకు ఆరు నిమిషాలు. మీ అమ్మగారికి? పాపను ఎత్తుకుని దిగేవాళ్లకు? అగ్నిమాపక వాహనాల మీద సాధారణంగా కనిపించే నిచ్చెనలు దాదాపు 30 మీటర్లు, అంటే ఇంచుమించు పదో అంతస్తు దాకా అందుతాయి. అంతకు మించి ఎత్తున ఉన్నవాళ్లను సిబ్బంది ఎక్కువగా మెట్లదారి గుండానే చేరాలి. 6వ అంతస్తుకూ 23వ అంతస్తుకూ ఉన్న అసలు తేడా నా దృష్టిలో ఇదే. కిటికీలోంచి కనిపించే దృశ్యం దీని తర్వాతే.

పాప సంగతి. బాల్కనీ రెయిలింగులో కమ్మీల మధ్య సందు పది సెంటీమీటర్లకు మించకూడదన్నది చాలా దేశాల్లో పాటించే కొలత, పిల్లల తల దూరకుండా. అడ్డ కమ్మీలుంటే పిల్లలకు అవి నిచ్చెన మెట్లే, అలాంటి రెయిలింగు ఉంటే ఓనర్‌తో మాట్లాడి లోపలివైపు పలకో వలో వేయించాకే చేరండి. కిటికీలు పది సెంటీమీటర్లకు మించి తెరుచుకోకుండా ఆపే చిన్న పరికరాలు దొరుకుతాయి. అవి బిగించడానికి అనుమతి ఉందేమో అడిగి, ఒప్పందంలోనే రాయించండి. కిటికీ దగ్గర మంచం, బాల్కనీలో కుర్చీ పెట్టకండి. ఈ విషయంలో 6వ అంతస్తుకూ 23వ అంతస్తుకూ తేడా లేదు, రెండుచోట్లా జాగ్రత్త ఒకటే.

చప్పుడు గురించి చాలామంది పొరబడతారు. ఎత్తుకు వెళ్తే నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటారు. రద్దీ రోడ్డు ఒక బిందువు కాదు, పొడవాటి గీత. అలాంటి చప్పుడు దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. 15 మీటర్ల ఎత్తు నుంచి 60 మీటర్లకు వెళ్తే తగ్గేది 6. చెవికి చప్పుడు సగమైనట్టు అనిపించాలంటే దాదాపు 10 తగ్గాలి. పైగా కింద ఉన్నవాళ్లకు ఎదురు భవనాలు అడ్డుగోడలా పనికొస్తాయి, పైన ఆ అడ్డు ఉండదు కాబట్టి నాలుగు వీధుల అవతలి రోడ్డు కూడా వినిపిస్తుంది. 23వ అంతస్తులో ఒక్కొక్క హారన్ విడిగా వినిపించకపోవచ్చు, ఊరంతా కలిసిన హోరు మాత్రం ఉంటుంది. 6వ అంతస్తుకు దగ్గరి చప్పుళ్లు ఎక్కువ. నడిబొడ్డు ప్రాంతాల్లో తెల్లవారకముందే చెత్త బండ్లు, సరుకు దించే లారీలు వస్తాయి. రాత్రి పదకొండుకు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఆ వీధిలో నిలబడండి. ఇబ్బందే, కానీ ఒక్కరోజు నిద్ర చెడగొట్టుకుంటే ఏడాది నిద్ర గురించి తెలుస్తుంది.

లోపలి చప్పుళ్లు వేరు. పడకగది గోడకు అవతల లిఫ్ట్ తిరిగే నిలువు దారి ఉందేమో చూడండి. నేను రెండోసారి అద్దెకున్న ఫ్లాట్‌లో మంచం తల దగ్గరి గోడకు అవతలే లిఫ్ట్ నడిచేది. పగలు చూసినప్పుడు తెలియలేదు. రాత్రి ఊరు సద్దుమణిగాక ప్రతి రాకా పోకా గోడలోంచి చెవికి తగిలేది. ఆ ఇల్లు వదిలిపెట్టడానికి అదే కారణం. పంపు గది, జనరేటర్ మీ కింద ఉన్నాయా, పక్కన ఉన్నాయా అని కూడా అడగండి.

కిటికీలు పడమరకుంటే సాయంత్రపు ఎండ వాలుగా వస్తుంది, పైన చజ్జా ఉన్నా ఆపలేదు. 23వ అంతస్తులో చెట్టు నీడ ఉండదు, ఎదురు భవనం నీడ కూడా ఉండకపోవచ్చు. నిలువెత్తు అద్దాలు చూడటానికి బాగుంటాయి గానీ వేసవిలో ఏసీ బిల్లు మీదే. సాయంత్రం నాలుగున్నరకు ఆ గదిలో పావుగంట కూర్చుంటే తెలిసిపోతుంది. బాత్రూములో గాలి బయటికి పోయే జాలీ దగ్గర పలుచని కాగితం ముక్క పట్టుకోండి. జాలీకి అతుక్కుంటే గాలి బయటికి పోతోంది. మీ వైపు ఎగిరితే కింది ఫ్లాట్ల గాలి, వాటి వంట వాసనలతో సహా, మీ ఇంట్లోకి వస్తోందన్నమాట.

చుట్టుపక్కల ఖాళీ స్థలమో, మూతపడ్డ పాత భవనమో ఉంటే ఒక్క క్షణం ఆగండి. నగరం మధ్యలో ఖాళీ స్థలం ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు. అక్కడ నిర్మాణానికి అనుమతి ఉందా అన్నది స్థానిక ప్రణాళికా విభాగంలో అడిగితే తెలుస్తుంది. దృశ్యం కోసం అద్దె ఎక్కువ కట్టి, రెండేళ్లు క్రేన్‌ను చూస్తూ దుమ్ము పీల్చిన కుటుంబాలు నాకు తెలుసు.

పార్కింగ్, ఇంటర్నెట్, ఫోన్ సిగ్నల్ మీరే చూసుకోగలరు. సిగ్నల్ మాత్రం లోపలి గదిలో, తలుపు వేసి చూడండి.

ఒప్పందం దగ్గరికి వద్దాం. అద్దె చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, కాబట్టి ఎక్కడైనా వర్తించేవే చెబుతాను. సంతకం పెట్టే మనిషి నిజంగా ఓనరేనని కాగితాలతో చూసుకోకుండా డబ్బు ఇవ్వకండి. ఉమ్మడి ఖర్చులు, అంటే లిఫ్ట్, కాపలా, శుభ్రత, ఎవరు కడతారో, అవి మధ్యలో పెరిగితే ఆ భారం ఎవరిదో రాయించండి. భవనం సంఘం నిబంధనలు మీకూ వర్తిస్తాయి, అక్కడ ఓటు మాత్రం సాధారణంగా ఓనర్‌దే. అందుకే ఆ నిబంధనల ప్రతి ముందే అడగండి. సామాను ఏ వేళల్లో తేవాలి, బాల్కనీలో బట్టలు ఆరేయొచ్చా లాంటివి అందులోనే ఉంటాయి.

సంఘం ఇటీవలి సమావేశాల మినిట్స్ చూపించగలరా అని ఓనర్‌ను అడగండి. అద్దెకు వచ్చేవాళ్లు ఇది అడగడం నేను చాలా అరుదుగా చూశాను, కానీ భవనం ఆరోగ్యం మొత్తం ఆ నాలుగు పేజీల్లో ఉంటుంది. లిఫ్ట్ మార్చడానికి డబ్బు సరిపోవడం లేదనో, వచ్చే నెల నుంచి బయటి గోడల మరమ్మతు అనో రాసి ఉంటుంది. బయటి మరమ్మతు అంటే నెలల తరబడి మీ కిటికీల ముందు సారువ, వల. అవి చూపించడానికి ఇష్టపడకపోతే లాబీలో ఇద్దరు ముగ్గురు నివాసులను పలకరించండి. "పోయిన ఏడాది లిఫ్ట్ ఎన్నిసార్లు ఆగింది?" అని అడిగితే చాలు, మిగతాది వాళ్లే చెబుతారు.

లిఫ్టులన్నీ ఆగిపోయి కొన్ని రోజులకు మించి బాగుకాకపోతే అద్దె తగ్గించాలని, లేదా గడువుకు ముందే జరిమానా లేకుండా ఖాళీ చేయొచ్చని ఒక వాక్యం రాయించడానికి ప్రయత్నించండి. అందరూ ఒప్పుకోరు. నేను అడిగిన ఇద్దరు ఓనర్లలో ఒకరు ఒప్పుకున్నారు. చేరే రోజు ప్రతి గది, ప్రతి మరక, మీటరు రీడింగులు వీడియో తీసి ఓనర్‌కు ఆ రోజే పంపండి. డిపాజిట్ తిరిగి వచ్చేటప్పుడు వాదన లేకుండా ఉంటుంది.

ఎల్లుండి గడువు గురించి: రేపు ఉదయం ఏడింటికి భవనం చూస్తాను, సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ వస్తాను అని ఏజెంట్‌కు చెప్పండి. రాత్రి వీధి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక్క రోజులో ఇదంతా అయిపోతుంది. ఆ ఒక్క రోజు కూడా ఇవ్వలేమంటే ఆ ఫ్లాట్ పోనివ్వండి.

నా సలహా అడిగారు కాబట్టి సూటిగా చెబుతున్నాను. మీ ఇద్దరే అయితే, లిఫ్టులు బాగుంటే, 23 తీసుకోమనేవాణ్ని. ఆ వెలుతురు, ఆ విశాలం మనసుకు మేలు చేస్తాయి, వాటిని నేను తక్కువ చేయను. కానీ అమ్మగారు, పాప ఉన్న ఇంటికి నేను 6వ అంతస్తునే ఎంచుకుంటాను, రాత్రి చప్పుడు, మురుగు పైపు సంగతి తేలితే. వెళ్లేటప్పుడు అమ్మగారిని వెంట తీసుకెళ్లండి. 6వ అంతస్తు నుంచి ఒక్క రెండు అంతస్తులు ఆమె తనకు వీలైన వేగంతో రెయిలింగు పట్టుకుని దిగాక, మోకాళ్లు ఎలా ఉన్నాయో ఆమెనే అడగండి. ఆమె ఏమన్నారో ఇక్కడ రాస్తే, మిగతాది దాన్నిబట్టి చెబుతాను.